అమ్మవారి బొట్టులో రంగు పోయిన నీలిరాయి

నన్ను చూడటానికి వచ్చే కుర్ర జియాలజిస్టులు కాఫీ తాగడం అయ్యాక ఒకే ప్రశ్న అడుగుతారు. "మీ సర్వీసులో మీరు కనిపెట్టిన పెద్ద సంగతేమిటి సార్?" అని. ఏ బంగారు గని పేరో చెబుతానని ఎదురుచూస్తారు పాపం. నేను గనులేమీ కనిపెట్టలేదు నాయనా. కొండలెక్కాను, దిగాను, మ్యాపుల్లో రంగులు వేశాను. ఆ మ్యాపులు ఈపాటికి ఏ బీరువాలోనో చెదలకు విందైపోయి ఉంటాయి. కానీ ఒక మనిషి పేరు మట్టిలో కలవబోయినప్పుడు, నేను చదువుకున్న రాళ్ల చదువు ఒక్కసారి అక్కరకొచ్చింది. అన్నేళ్ల జీతం కంటే ఆ ఒక్క సంగతికే నేను ఈ ఉద్యోగానికి ఎక్కువ రుణపడి ఉన్నాను. మీరు అడిగింది ఇది కాదు, నాకు తెలుసు. అయినా వినండి, కాఫీ తాగారుగా.

అప్పుడు పందొమ్మిది వందల ఏభైలు ముగింపుకొస్తున్నాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన నన్ను, ఏ దేవుడు కరుణించాడో, తమిళనాట ఉన్న సొంత ఊరు రాజపాళయానికే వేశారు. ఊరికి పడమటనున్న కొండల అడుగున రాళ్లు ఏవి, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉన్నాయి అని మ్యాపు గీయడం పని. క్యాంపు కోసం పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ పక్కన ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అన్నంలో దూది, మంచినీళ్లలో దూది, మైక్రోస్కోపు అద్దం మీద కూడా దూదే.

నా పైఅధికారి గోదావరి వైపు మనిషి. పని రాక్షసుడు, నోరు దురుసు, మనసు మాత్రం వెన్న. మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు మా అమ్మ "సార్, బాగా తినినారా, ఇంకా రవ్వంత పోసుకోండి" అంటే ఆయన ముసిముసిగా నవ్వుకునేవాడు. "ఏమోయ్, మీ అమ్మగారి మాట వింటుంటే మా ముత్తవ్వ లేచొచ్చి వడ్డిస్తున్నట్టు ఉంది. మీ వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు తెలుగును మూట కట్టుకొచ్చి ఇంకా విప్పినట్టు లేరు" అనేవాడు. ఉడుక్కునేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే అంత ముద్దుగా మా భాషను మెచ్చుకున్నవాడు ఇంకొకడు లేడు.

ఆయనకు ఒక నియమం ఉండేది. రాళ్ల గురించి ఎవరడిగినా చెప్పు, మనుషుల గురించి అడిగితే జీపెక్కు. ఊళ్లలో మేం తిరుగుతుంటే సర్కారు మనుషులని చెప్పి పొలం గట్ల తగాదాలు కూడా మా ముందుకు తెచ్చేవాళ్లు. అందుకే ఆ నియమం. నేను దాన్ని తప్పింది ఒక్కసారే, అదీ మా మేనమామ ఇంట్లోనే.

మా మామది మంసాపురం. ఆ ఏడు వానలు సరిగా లేక ఆయన పొలంలో బావి తవ్విస్తున్నాడు. కొంత లోతుకు వెళ్లేసరికి రాయి తగిలింది. మందు పెట్టి పేల్చుకుంటూ పోయారు. ఎంత పోయినా నీళ్లు లేవు. ఒకరోజు పేలిన రాళ్లలో నీలంగా మెరిసే తునకలు కనబడ్డాయి. వాటిలో ఒకటి రేగిపండంత ఉంది, పగుళ్లు లేకుండా, చూపు అవతలికి పోయేటంత తేటగా. మా అవ్వ, అంటే మామకు తల్లి, ఆ రాయిని కొంగున ముడేసుకుని, "నీళ్లు పడితే దీన్ని అమ్మవారి బంగారు బొట్టులో పెట్టిస్తా" అని మొక్కుకుంది. ఆ వారంలోనే నీళ్లు పడ్డాయి. ఇంక చెప్పాలా, ఊరంతా ఆ రాయి నీలమనీ, అమ్మవారు అడిగి తీసుకుందనీ తేల్చేశారు.

బొట్టు చేసే పని రాజపాళయంలో మా ఇళ్లకు తరతరాలుగా నగలు చేసే ఆశారికి అప్పజెప్పారు. కంసాలిని మా వైపు ఆశారి అనే పిలుస్తాం. అప్పటికి ఆయనకు అరవై దాటి ఉంటాయి. బంగారం పనికి ఇస్తే కరిగించేప్పటినుంచీ నగ చేతికొచ్చేదాకా ఇంటి మనిషి ఒకరు ఆయన ఎదురుగా కూర్చోవడం మా వాళ్ల అలవాటు. తల్లి బంగారమైనా కంసాలి వదలడని సామెత ఒకటి ఉందిగా, దాన్ని అడ్డం పెట్టుకుని. ఆశారి ఏమీ అనుకునేవాడు కాదు, పైగా కూర్చున్నవాళ్లకు మజ్జిగ తెప్పించేవాడు. ఈసారి మాత్రం ఎవరూ కూర్చోలేదు. రాయిని అరగదీసే పని చాలా రోజులు సాగుతుంది, పొలంలో చూస్తే కొత్తగా నీళ్లొచ్చి చేతినిండా పని. పోనీలే రాయే గదా అని వదిలేశారు.

బొట్టు తయారై వచ్చింది. మామ పెట్టె తెరిచాడు. బంగారం మధ్యలో నిమ్మరసం కలిపిన నీళ్ల రంగులో ఒక రాయి కూర్చుని ఉంది. నీలం లేదు.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించుకోవచ్చు. ఆశారి రాయి మార్చేశాడు, అసలు నీలాన్ని మదురైలో అమ్మేసుకున్నాడు, అమ్మవారికి గాజుముక్క అంటగట్టాడు. అమ్మవారి పొంగలి పండగ దగ్గర పడుతోంది. మొక్కు తప్పితే బావి ఎండిపోతుందని అవ్వకు భయం. అవ్వ మాట మీద ఊరి పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. పొంగలి లోపల ఆశారి అమ్మవారి ముందు సూడం కొట్టి సత్యం చెయ్యాలి. సూడం అంటే కర్పూరం. నేలమీద వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి, నేను తప్పు చెయ్యలేదు అని ప్రమాణం చెయ్యడం. చెయ్యకపోతే తప్పు ఒప్పుకున్నట్టే. ఇంక మంసాపురంలో గానీ, చోళపురంలో గానీ, రాజపాళయంలో గానీ ఏ ఇల్లాలూ ఆయన చేతికి ముక్కుపుడక కూడా ఇవ్వదు. బొట్టును పూజారి తీసుకెళ్లి అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు. సత్యం అయ్యేదాకా దాన్నెవరూ ముట్టకూడదు.

ఆశారి సూడం కొట్టనన్నాడు.

ఈ సంగతంతా నాకు ఆయన నోటనే తెలిసింది. ఒక మధ్యాహ్నం క్యాంపు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తంబీ, మీరు రాళ్ల చదువు చదివినారని చెప్పినారు. నీలంగా ఉండే రాయి తెల్లగా అయిపొయ్యేది ఉండాదా?" అన్నాడు.

నేను వివరాలు అడిగాను. రాయిని లక్కతో పుల్లకు అంటించి, కురుందం పొడి వేసి, చేత్తో తిప్పే చక్రం మీద అరగదీశానని చెప్పాడు.

"అరిగిందా బాగా?"

"బాగానే అరిగింది తంబీ. నిజం నీలమై ఉండింటే నా చెయ్యి పడిపోయుండును. ఇది నీలం కాదని నాకు అప్పుడే తోచింది. అయినా రంగు ఉండింది గదా. చేతిలో పట్టుకోని పక్కనుంచి చూస్తే నీలమే. బంగారంలో కూర్చోబెడితే పోయింది. నాకు గుండె ఆగిపోయినట్టు అయింది. ఏమి చెప్పేది, ఎవురితో చెప్పేది? నోరు మూసుకోని ఇచ్చేసినా. అదే తప్పైపోయింది."

పక్కనుంచి చూస్తే నీలం, పైనుంచి చూస్తే తెలుపు. ఆ మాట వినగానే నేను కుర్చీలోంచి లేచిపోయాను. కాలేజీలో పాఠం చదివినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఆ రాయి పేరు కార్డిరైట్. మెగ్నీషియం, అల్యూమినియం, సిలికా కలిసి ఏర్పడే ఖనిజం. అందులో కాస్త ఇనుము చేరడంవల్ల నీలిరంగు వస్తుంది. గాజును సులువుగా గీస్తుంది, కానీ కురుందం ముందు నిలవదు. అసలు నీలమూ, కెంపూ, కురుందమూ ఒక తల్లి బిడ్డలే. ఒకే ఖనిజం, రంగుల్లోనే తేడా. అందుకే నీలాన్ని కురుందంతో అరగదీయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఇక కార్డిరైట్‌కు ఉన్న విచిత్రమైన గుణం ఏమిటంటే, ఒక దిక్కునుంచి చూస్తే ముదురు నీలం, దానికి అడ్డంగా ఇంకో దిక్కునుంచి చూస్తే లేత నీలం, మూడో దిక్కునుంచి చూస్తే దాదాపు రంగే ఉండదు, కాస్త పసుపు జాడ తప్ప. వెలుతురు రాయిలో ఏ దిక్కుగా పోతే ఆ దిక్కుకు తగ్గ రంగు మిగులుతుంది. ఆశారి రాయిని వీలైనంత పెద్దదిగా నిలపాలని వెడల్పు ముఖం పైకి పెట్టి కోశాడు. ఆ ముఖం సరిగ్గా ఆ రంగులేని దిక్కున పడింది. చుట్టూ, అడుగునా బంగారం కప్పేసింది. ఇంక నీలం కనబడే దారే లేదు.

ఇంత చక్కగా అర్థమయ్యాక ఆగుతానా? మైక్రోస్కోపును సైకిలు వెనక కట్టుకుని, మా క్యాంపులో కోసి పెట్టిన కార్డిరైట్ పలుచటి ముక్కను జేబులో పెట్టుకుని ఆ ఆదివారమే మంసాపురం వెళ్లాను. మామ ఇంటి తిన్నె మీద మైక్రోస్కోపు పెట్టి, సంగతి వివరించి, అవ్వను చూడమన్నాను. అవ్వ ఒక కన్ను మూసి, ఇంకో కన్ను గొట్టానికి ఆనించి చాలాసేపు చూసింది.

"తెల్లగా ఉండాది రా. ఏమీ లేదే ఇందులో" అంది.

నేను చూశాను. నిజమే, తెల్లగానే ఉంది. తిప్పాను. తెలుపే. మామ చూశాడు, పక్కింటివాళ్లు చూశారు.

"సరి. నీ మిషను కూడా తెలుపనే చెప్పింది గదా అల్లుడా" అన్నాడు మామ. "నువ్వు ఆశారికి వకీలుగా వచ్చినావా, మాకు చుట్టంగా వచ్చినావా?"

మొదటికే మోసం వచ్చింది. సాయంత్రానికి ఊళ్లో మాట మారిపోయింది. సర్కారు మిషను పెట్టి చూసినా నీలం లేదంట, మేనల్లుడే తేల్చి చెప్పాడంట. ఆశారికి నేను చేసిన ఉపకారం ఇది.

క్యాంపుకు తిరిగొచ్చాక సంగతంతా పైఅధికారికి చెప్పక తప్పలేదు. నియమం తప్పినందుకు తిడతాడనుకున్నాను. ఆయన తిట్టింది ఇంకో దానికి.

"నీ బొంద. మైక్రోస్కోపు కింద పెట్టే ముక్క కాగితం కంటే పల్చగా ఉంటుంది కదోయ్. అంత పల్చటి ముక్కలో కార్డిరైట్‌కు రంగు ఎక్కడిది? గ్లాసుడు నీళ్లలో ఒక్క సిరా చుక్క వేసి, ఆ నీళ్లలోంచి ఒక బొట్టు తీసి రంగు చూపించమన్నట్టుంది. పరీక్షల్లో ఎలా గట్టెక్కావు నువ్వు?"

ఆ సమయానికే ఆశారి మళ్లీ వచ్చాడు. ఊళ్లో పుట్టిన కొత్త మాట ఆయన చెవిన పడింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పొంగలి తర్వాత దిండిగల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతానని చెప్పడానికి వచ్చాడంతే. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

పైఅధికారి ఆయన్ను కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేశాడు. "రాయి అడుగున నీలం రేకు పెట్టి కూర్చోబెట్టుంటే ఎవరికీ తెలిసేది కాదుగా. నగల పనిలో అందరూ రేకు వేస్తారు. నువ్వెందుకు వేయలేదు?"

ఆశారి ఆయన వైపు వింతగా చూశాడు. "మనిషికైతే వేసుందును సార్. ఆయమ్మకు రేకు వేసి ఎట్ల ఇచ్చేది?"

"మరి ప్రమాణం చేయడానికేం?"

"ఒకసారి సూడం కొడితే, ఇంక ఎవురి ముక్కుపుడక పోయినా సూడం కొట్టమని పిలుస్తారు సార్. మా తండ్రి కొట్టలేదు, మా తాత కొట్టలేదు. చెయ్యని తప్పుకు చెయ్యి కాల్చుకుంటే తప్పు ఉన్నట్టే గదా."

పైఅధికారి లేచి డ్రైవర్ను కేకేశాడు. "రేపు కొండకు వెళ్లట్లేదు. మంసాపురం వెళ్తున్నాం" అన్నాడు. నియమం సంగతి నేను గుర్తు చేయలేదు. ఇన్నేళ్ల సర్వీసులో నేను చూసిన పెద్ద అధికారులు చాలామంది ఉన్నారు. ఒక పనివాడి మాటకు తన నియమాన్ని పక్కన పెట్టినవాడు మాత్రం ఆయనొక్కడే.

మర్నాడు మామ బావి దగ్గర పేల్చి పోసిన రాళ్లగుట్ట మీద పడ్డాం. ఎండ నెత్తిన మాడుస్తోంది. నల్లగా, ఎర్రగా చారలు తిరిగిన రాయి అది. ఎర్రవి గార్నెట్లు, వాటి మధ్య మసక నీలంగా కార్డిరైట్. చాలావరకు పగుళ్లు పట్టి, బూడిద రంగుకు తిరిగినవే. తేటగా ఉన్న ముక్క కావాలి మాకు. మామ మా వైపు రాలేదు. అవ్వ మాత్రం వచ్చి ఒక బండ మీద కూర్చుంది.

"ఆ నీలం రాయి ఎట్ల పుట్టింది రా?" అని అడిగింది.

"అది మొదట బంకమన్ను అవ్వా. మన కణ్మాయి చెరువు అడుగున ఉండే జిగటమన్ను లాంటిదే. ఎప్పుడో ఈ చోట నీళ్లుండినాయి. ఆ నీళ్ల అడుగున మన్ను పొరపొరగా పేరుకునింది. దాని మీద ఇంకా ఇంకా పేరుకోని ఆ మన్ను భూమి లోపలికి దిగిపోయింది. లోపల మన పొయ్యి కంటే ఎన్నోరెట్లు వేడి. ఆ వేడికి మన్నులో ఉండేవన్నీ విడిపోయి మళ్లీ వేరే జతలు కట్టినాయి. ఎర్రరాళ్లు ఒక జత, ఈ నీలిరాళ్లు ఒక జత. ఆ తర్వాత ఆ అడుగు భాగమంతా పైకి లేచింది. పైన ఉండిందంతా వానకూ గాలికీ కొట్టుకుపోయింది. ఇప్పుడు మామ బావికి తగిలింది."

"ఎంత కాలం పట్టింది?"

"మనం లెక్క పెట్టేంత చిన్న కాలం కాదు అవ్వా."

అవ్వ ఒక తునకను తీసి చూసింది. "అంత కాలం వేగినా రంగు ఒక పక్కే పట్టిందా? మా దోసెలు నయం" అంది. పైఅధికారి రాళ్లగుట్ట మీద కూలబడి మరీ నవ్వాడు.

మధ్యాహ్నానికి చింతగింజ కంటే కాస్త పెద్ద ముక్క ఒకటి తేటగా దొరికింది. నేను దాన్ని ఎండకు ఎత్తి తిప్పి తిప్పి చూసి, నీలం బాగా కనబడే దిక్కునా, రంగు లేని దిక్కునా సిరాతో గీతలు పెట్టాను. ఆ గీతల ప్రకారం ఆశారి దాన్ని పాచికలా ఆరు పలకలుగా కోయాలి. అప్పుడు ఎదురెదురు పలకల్లోంచి చూస్తే ఏ దిక్కు రంగు ఆ దిక్కున విడిగా కనబడుతుంది. ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు.

పైఅధికారి ఒక షరతు పెట్టాడు. ఆ కోసే పని ఊరి ముందు, అమ్మవారి గుడి ఎదుట, అందరూ చూస్తుండగా జరగాలి. నేను గొణిగాను. "మీరు ఆఫీసరు, మీరు ఒక్కమాట చెబితే వింటారు గదా సార్" అన్నాను. "నా మాట వింటారోయ్, నమ్మరు. రేపు నేను బదిలీ అయి వెళ్లిపోతే ఆ మాట కూడా నాతోనే వస్తుంది. వాళ్ల కళ్లతో వాళ్లు చూడాలి" అన్నాడు.

ఊరి పెద్దలు ఒప్పుకున్నారు. మర్నాడు ఆశారి తన చక్రం, లక్క, కురుందం పొడి, నీళ్లచట్టి తెచ్చుకుని గుడి ముందు కూర్చున్నాడు. పొద్దున మొదలుపెట్టాడు. ఎడమచేత్తో చక్రం తిప్పుతూ, కుడిచేత్తో రాయిని ఆనించి, నడుమనడుమ నీళ్లలో ముంచుతూ, ఒక్కో పలక తేల్చాడు. ముందు పదిమంది చూశారు, తర్వాత ఊరు ఊరంతా చేరింది. ఎవరి ముఖంలోనూ స్నేహం లేదు. ఆయన తల ఎత్తలేదు. సిరాగీతలు నేను సరిగ్గా పెట్టానో లేదో ఎవరికి తెలుసు? కాస్త పక్కకు పోతే ఈ రాయీ మసకగానే కనబడుతుంది. అప్పుడు ఆయన్ను ఆ అమ్మవారు కూడా కాపాడలేదు.

పొద్దు వాలక ముందే పాచిక తయారైంది. ఆశారి దాన్ని కడిగి, తుడిచి, నాకివ్వలేదు, పైఅధికారికి ఇవ్వలేదు. నేరుగా మామ చేతిలో పెట్టాడు.

"గుడి సున్నపు గోడ వైపు పట్టుకోని చూడండి" అన్నాడు.

మామ చూశాడు. "నీలం" అన్నాడు.

"తిప్పు మామా" అన్నాను.

తిప్పాడు. నీలం పోయింది. మళ్లీ వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకు. చిన్నపిల్లవాడికి కొత్త బొమ్మ దొరికినట్టు అదే పనిగా తిప్పుతున్నాడు. తర్వాత పాచిక చేతులు మారింది. ఒకరు చూసి ఇంకొకరికిచ్చారు, ఇచ్చినవాళ్లు మళ్లీ అడిగి తీసుకున్నారు. గుంపులో గొంతులు లేచాయి.

కానీ మామ మొండివాడు. "ఇది సరి. బావిలో ఇట్లాంటి రాయి ఉండాది, ఒప్పుకుంటా. బొట్టులో ఉండేది అదే రాయి అని ఎవురు చెప్పింది?" అన్నాడు.

దానికి జవాబు ఒకటే. బొట్టులోంచి రాయిని ఊడదీసి పక్కనుంచి చూడాలి. అమ్మవారి పాదాల దగ్గర పెట్టినదాన్ని ఎట్ల తీసేది అని పూజారి వెనక్కి తగ్గాడు. అప్పుడు అవ్వ ముందుకొచ్చింది.

"దొంగ రాయి అయితే అది ఆయమ్మ దగ్గర ఉండకూడదు, తీసెయ్యి. మంచి రాయి అయితే చూసేదానికి ఏమి భయం? నేను మొక్కిన మొక్కు, నేను చెప్పుతున్నా. తీసుకోని రా" అంది.

ఆశారి బొట్టు అంచు బంగారాన్ని సన్నటి ఉలితో మెల్లగా లేపాడు. రాయి ఆయన అరచేతిలో పడింది. రెండు వేళ్లతో పట్టుకుని, పక్క అంచు గోడ వైపు తిప్పి, అవ్వ కంటికి ఎదురుగా ఎత్తాడు. నేను ఆమె పక్కనే ఉన్నాను, నాకూ కనబడింది. సాయంత్రం కొండ వెనక ఆకాశానికుండే నీలం.

మీకు ఆ రాయి తర్వాతి కథ కూడా చెప్పేస్తాను. ఆశారి దాన్ని నీలం పైకి వచ్చేటట్టు మళ్లీ కోశాడు. సగానికి సగం చిన్నదైంది. పొంగలికి అమ్మవారి నుదుట అదే ఉంది. పైఅధికారి ఆ సంగతిని ఏ రిపోర్టులోనూ రాయలేదు, నన్నూ రాయనివ్వలేదు. నేను మాత్రం ఆ తర్వాత కార్డిరైట్ దొరికిన ప్రతి చోటా ఒక్క నిమిషం ఆగి, దాన్ని ఎండకు తిప్పి చూసి, మనసులో ఒక దండం పెట్టుకునేవాణ్ని. ఎన్నో బంకమన్ను పొరలు ఎన్నో యుగాలు కాలితే తయారైన ఆ గుణం, మా ఊరి పెద్దాయన అవసరానికి సరిగ్గా అందింది. దానికి కృతజ్ఞత చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు నాకు?

కానీ ఆ సాయంత్రం అక్కడితో ముగియలేదు. మామ తల దించుకుని, "ఆశారీ, తప్పైపోయింది. మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనైతే గెలిచానన్న సంబరంలో ఉన్నాను.

ఆశారి పనిముట్లు సంచిలో సర్దుకుంటూ ఆగాడు. "ఒకటి అడుగుతా. కోపం చేసుకోవద్దు" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఈ రాయికి రెండు మూడు రంగులు ఉండబట్టి నేను దొంగ కాకుండా పోయినా. రాయి నా పక్క సాక్షి చెప్పింది, మీరు నమ్మినారు. ఇది మామూలు రాయి అయ్యుండి, తంబి చదువులో దీనికి జవాబు లేకుండా ఉండుంటే? నేను ఇదే ఆశారినే గదా. మీ అమ్మ పెండ్లికి తాళి చేసింది మా నాయన. నీ చెవులు కుట్టింది నేను. అప్పుడు నేను ఏమయ్యుందును?"

నా సంబరమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. నేను నిరూపించింది రాయి గుణాన్ని మాత్రమే. ఆ మనిషి గుణాన్ని ఆ ఊళ్లో ఎవరూ, నాతో సహా, ఒక్క క్షణం కూడా సాక్ష్యంగా తీసుకోలేదు.

అవ్వే జవాబు చెప్పింది. "ఏమయ్యుందువా? నేను చచ్చేదాకా నిన్ను దొంగ అనే చెప్పుకోని తిరుగుతా ఉందును. చచ్చేటప్పుడు కూడా అదే చెప్పి పోయుందును" అంది. పూజారి వైపు తిరిగి, "సూడం వెలిగించు" అంది.

ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు. పూజారి అయోమయంగానే గుడి మెట్టు మీద కర్పూరం పెట్టి వెలిగించాడు. అవ్వ మెల్లగా వంగింది. వంగలేక ఒక మోకాలు నేలకానించింది. "అమ్మా తల్లీ, చూడకుండా ఒక మనిషిని దొంగ అన్నా. ఇంక నా నోటినుంచి గానీ, నా ఇంట్లో వాళ్ల నోటినుంచి గానీ అట్లాంటి మాట రాదు. ఇది సత్యం" అని మండుతున్న కర్పూరం మీద అరచెయ్యి వేసి కొట్టింది.

మామ "అమ్మా" అని ముందుకు ఉరికాడు. ఆయన కంటే ముందు ఆశారి అందుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని తన నీళ్లచట్టిలో ముంచాడు. ఇద్దరూ ముసలివాళ్లు, గుడి మెట్టు దగ్గర చట్టికి అటొకరు ఇటొకరు కూర్చుండిపోయారు.

"కాలిందా అమ్మా?" అని అడిగాడు ఆశారి.

"కాలకుండా ఉంటుందా?" అంది అవ్వ. "నిన్ను కొట్టమని చెప్పినప్పుడు ఇంత కాలుతుందని నాకు తెలియలేదు రా."

మంట చల్లారే దాకా ఆశారి ఆమె చెయ్యి వదలలేదు.